త్రినాథరావు ఏడిస్తే హిట్టే

త్రినాథరావుకి ఏడుపు వచ్చిందా రాలేదా అన్నదాని మీద ఎంతమంది భవిష్యత్తు ఆధారపడి ఉండేదో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, నాకేం. ఫిల్మ్ నగర్‌లో మాత్రం ఆ రోజుల్లో ఎవరూ నవ్వేవారు కాదు.

నిర్మాత ఆదినారాయణ గారి కంపెనీలో త్రినాథరావు ఉద్యోగం ఏమిటని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కథా విభాగం అని పేరుకి ఉండేది గానీ, ఆయన అసలు పని ప్రివ్యూలో కూర్చుని సినిమా చూడడం. అదెలా మొదలైందంటే, మద్రాసులో ఉన్నప్పుడు కంపెనీ మొదటి సినిమా చూస్తూ ఆయన ఓ తల్లి సీనులో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సినిమా విరగబడి ఆడింది. ఇక అక్కడినుంచి ఆయన కన్నీళ్ళకి శాస్త్రం పుట్టుకొచ్చింది. త్రినాథరావు ఏడిస్తే హిట్టే.

దానికో కారణం కూడా ఉంది లెండి. ప్రివ్యూ థియేటర్ మెట్ల మీద నిజం చెప్పినవాడు పరిశ్రమలో ఇంతవరకూ పుట్టలేదు. లోపల గురకపెట్టి నిద్రపోయినవాడు కూడా బయటికొచ్చి నిర్మాత రెండు చేతులూ పట్టుకుని, "అదిరిందండీ, వంద రోజులు రాసిపెట్టుకోండి" అంటాడు. ఆ మాటకి విలువ లేదని చెప్పినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. అందుకని సినిమా కొనుక్కోవడానికి వచ్చిన బయ్యర్లు మాటలు వినడం మానేసి త్రినాథరావు ముఖం చూడడం నేర్చుకున్నారు. చివరి వరసలో ఆదినారాయణ గారి పక్క సీటు ఆయనది. ముందు వరసలోంచి నెల్లూరు బయ్యర్ కాశీవిశ్వనాథం మెడ వెనక్కి తిప్పి తెర కంటే ఈయన్నే ఎక్కువ చూసేవాడు. త్రినాథరావు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, కండువా అందుకుని కళ్ళకి అద్దుకున్నాడంటే ఆ ఏరియా అమ్ముడుపోయినట్టే.

కారులో కూడా ఆయన చోటు అదే. వెనక సీట్లో, ఆదినారాయణ గారి పక్కన. మద్రాసు నుంచి నిర్మాత గారు మకాం ఎత్తేసి జూబ్లీ హిల్స్‌లో ఇల్లూ ఆఫీసూ ఒకచోటే కట్టుకున్నాక కూడా ఆ చోటు మారలేదు. యూసుఫ్‌గూడలో త్రినాథరావుది చిన్న ఇల్లు. ఆయనకి కారు లేదు, బంగళా లేదు. ఆ సీటు ఒక్కటే ఉంది. దాన్ని తలుచుకునే ఆయన పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు.

అలాంటి మనిషి జీవితంలోకి మంజులత వచ్చింది.

వచ్చిందంటే కొత్తగా రాలేదు. ఆదినారాయణ గారి కూతురే. మద్రాసులో చిన్నప్పుడు ఆ పిల్లని భుజాల మీద ఎక్కించుకుని సినిమాలకి తీసుకెళ్ళింది త్రినాథరావే. "తెర చూడకే మంజమ్మా, జనాన్ని చూడు. సినిమా అక్కడ ఆడుతుంది" అని చీకట్లో చెవిలో చెప్పింది కూడా ఆయనే. ఆ పిల్ల పెరిగి సైకాలజీలో ఎం.ఏ. చేసి, ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన అంటూ తిరుగుతోంది. జనం ఒక మాటని నిజమని ఎందుకు నమ్ముతారు అన్నది ఆమె పరిశోధన.

"దానికి పరిశోధన దేనికమ్మా? నిజమైతే నమ్ముతారు" అన్నాడు త్రినాథరావు, మొదటిసారి విన్నప్పుడు.

"అదే కదా బాబాయ్ తెలియంది" అని నవ్వింది మంజులత.

ఆ నవ్వు అప్పట్లో ఆయనకి ముద్దుగానే అనిపించింది. ఒక ఆదివారం భోజనాల దగ్గర తేడా వచ్చింది.

"నాన్నా, బాబాయ్ చెప్పినవాటిలో తప్పినవెన్ని?" అని అడిగింది మంజులత పప్పు వడ్డించుకుంటూ.

"ఒక్కటీ లేదు" అన్నారు ఆదినారాయణ గారు తడుముకోకుండా.

"ఆ ఊటీ పాటల సినిమా?"

"అదా... ఆ వారమంతా ఒకటే వానలు కదమ్మా. జనం గడప దాటితేగా."

"పోలీసు సినిమా?"

"ఆ రోజు త్రినాథానికి ఒంట్లో బాగోలేదు. జ్వరం."

"అయితే తప్పితే వానా, జ్వరమూ. నిజమైతే బాబాయ్ గొప్ప" అంది మంజులత. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆలోచిస్తూ అంది. "చూశావా నాన్నా, కలిసొచ్చినవి గుర్తుంటాయి, కలిసిరానివాటికి కారణాలు గుర్తుంటాయి. నేనూ అంతే. అందరమూ అంతే."

ఆదినారాయణ గారు పకపకా నవ్వారు. త్రినాథరావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తప్పినవాటిని ఆయన ఎన్నడూ మర్చిపోలేదు. ఒక్కోసారి రోడ్డు మీద నడుస్తుంటే గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి. ఆ సంగతి తనకి తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదని ఇన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నాడు. ఈ పిల్ల పప్పు వడ్డించుకుంటూ లాగి బయట పడేసింది.

అక్కణ్ణుంచి మొదలైంది అసూయ. చెప్పకూడదు గానీ, కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టే ఉండేది ఆయనకి. మంజులత ఆఫీసు వెనక గది ఒకటి అడిగి తీసుకుంది. కంపెనీ సినిమా సంగీతం కూడా కలపని ప్రింటు దశలో ఉన్నప్పుడే యూసుఫ్‌గూడ నుంచీ, రహమత్ నగర్ నుంచీ మామూలు మనుషుల్ని పిలిపించి చూపించేది. ఒకరితో ఒకరు మాట్లాడుకోక ముందే ఒక్కొక్కర్నీ విడిగా ఆ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగేది. ఏది నమ్మారు, ఏది నమ్మలేదు, ఎక్కడ వాచీ చూసుకున్నారు. ఆ గదిలోకి కుర్చీలు కావాల్సి వచ్చి త్రినాథరావు రోజూ కూర్చునే పేము కుర్చీని కూడా పట్టుకుపోయారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన వారం రోజులు ఇనప కుర్చీలో కూర్చుని ఆ గది తలుపు వంక చూస్తూ గడిపాడు.

"అమ్మ మస్తు మంచిగ అడుగుతది సార్" అన్నాడు డ్రైవర్ జంగయ్య ఓ రోజు ఆయన్ని ఇంటికి తీసుకెళుతూ. "నా పెండ్లాన్ని గూడ పిలిచింది. నీకేమనిపిచ్చింది జర చెప్పు అని అడిగిందంట. ఇప్పటిదాంక మా దాన్ని గట్ల అడిగినోళ్ళే లేరు."

"ఊఁ. రోడ్డు చూసి నడుపు" అన్నాడు త్రినాథరావు.

జంగయ్య ఊరుకోలేదు. "అయినా మీరు ఏడ్చిన్రంటే అయిపోయె గదా సార్. గీ అడుగుడెందుకో నాకైతే సమజ్ కాలే."

ఆ ఒక్క మాటకి ఆ రాత్రి ఆయనకి అన్నం సయించింది.

ఇంతలో అన్నాచెల్లెళ్ళ సినిమా తయారైంది. కథ చిన్నదే. చెల్లెలు చెడిపోయిందని ఊరంతా అనుకుంటుంది. పదిమంది నోటా అదే మాట విని విని అన్న నమ్మేసి ఆమెని ఇంట్లోంచి గెంటేస్తాడు. చివర్లో వానలో పరిగెత్తుకొచ్చి ఆమె కాళ్ళ మీద పడతాడు. పాటలు బాగా వచ్చాయి. డబ్బు మంచినీళ్ళలా ఖర్చు పెట్టారు.

సంగీతం కలపని ప్రింటు త్రినాథరావు ఒక్కడే కూర్చుని చూశాడు. కళ్ళు తడవలేదు. అన్న కాళ్ళ మీద పడుతుంటే ఆయనకి ఒకటే ప్రశ్న. వీడెందుకు మారాడు? ఊరు చెప్పినది అబద్ధమని వీడికెలా తెలిసింది? ఎవర్ని అడిగాడు? ఏం చూశాడు? ఆ సీను లేకపోతే మిగతా ఏడుపంతా వృథా. ఏమాటకామాట చెప్పుకోవాలి, త్రినాథరావు తెలివితక్కువవాడు కాదు. ఆయన కన్నీళ్ళ వెనక ఓ ముప్పయ్యేళ్ళ అనుభవం ఉంది. మర్నాడు కారులో ఆదినారాయణ గారికి ఈ మాట చెప్పాలని, ఎలా చెబితే నొచ్చుకోరో ఆలోచించుకుంటూ ఇంటికెళ్ళాడు.

మర్నాడు బంగళా పోర్టికోలోకి వచ్చేసరికి కారు వెనక సీట్లో ఆదినారాయణ గారి పక్కన మంజులత కూర్చుని ఉంది.

"నువ్వు ముందు కూర్చోవయ్యా త్రినాథం, అమ్మాయి ఏదో చెప్పాలంటోంది" అన్నారు ఆదినారాయణ గారు.

ముందు కూర్చోవయ్యా! ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ పెద్దమనిషికి. త్రినాథరావుకి తల కొట్టేసినట్టయింది. జంగయ్య పక్కన ఒదిగి కూర్చుని తలుపు వేసుకున్నాడు. కారు కొండ దిగుతుండగా వెనకనుంచి మంజులత గొంతు వినిపించింది.

"నాన్నా, అన్న ఎందుకు మారాడో మన సినిమాలో లేదు. గదిలో అడిగితే సగం మందికి పైగా అక్కడే ఆగిపోయారు. వాడు స్వయంగా వెళ్ళి ఒక్కరినైనా అడిగి నిజం తెలుసుకునే సీను పెట్టాలి. అది లేకపోతే క్లైమాక్స్ ఎవరూ నమ్మరు."

అక్షరం పొల్లుపోలేదు. త్రినాథరావు రాత్రంతా కూడబలుక్కున్న మాటలవి. ఆ పిల్ల నోట్లోంచి, తన సీట్లోంచి.

ఆదినారాయణ గారు గాభరాగా, "ఇప్పుడు మళ్ళీ షూటింగంటే హీరో దొరుకుతాడటే? ఏమయ్యా త్రినాథం, నువ్వేమంటావు?" అన్నారు.

నేనూ అదే అనుకున్నానండీ అంటే సరిపోయేది. మూడు మాటలు. కానీ అలా అంటే ఏమవుతుంది? అమ్మాయి చెప్పింది, త్రినాథం తలూపాడు. రేపటినుంచి అమ్మాయి వెనక సీటు, త్రినాథం తలూపుడు. ఆయన ఒళ్ళు భగ్గున మండింది.

"అమ్మాయి చదువుకుంది, కాదనను" అన్నాడు ముందున్న అద్దంలో వెనక సీటు వంక చూస్తూ. "కానీ తోడబుట్టినవాళ్ళ ప్రేమకి సాక్ష్యాలూ విచారణలూ ఏమిటండీ? నాకైతే గుండె పిండేసింది."

"అమ్మయ్య!" అన్నారు ఆదినారాయణ గారు. అంతకుముందే ఆయన ఆ మాట వినాలనుకుంటున్నారు కదా. "త్రినాథం చెప్పాక ఇంకేముంది."

మంజులత అద్దంలోకి చూసింది. త్రినాథరావు చప్పున చూపు తిప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య సీతామహాలక్ష్మికి అంతా చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు, అదో జబ్బు.

"అదేంటండీ! ఆ పిల్ల నోట్లోంచి వచ్చిందని మీ మాట మీరే మింగేశారా?" అంది ఆవిడ బెండకాయలు తరుగుతున్నదల్లా ఆపి.

"ఆ పిల్ల చెప్పింది కాబట్టే నేను చెప్పను. చెప్పను గాక చెప్పను."

"చంటిపిల్ల అది. దాని మీద మీకు కుళ్ళేంటి, సిగ్గులేకపోతే సరి."

"కుళ్ళా? నాకా?" అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఫిల్మ్ నగర్‌లో బయ్యర్ల కోసం ప్రివ్యూ వేసిన రోజున వెనక సీటు మళ్ళీ ఆయనదే. థియేటర్లో చివరి వరసలో దర్జాగా కూర్చున్నాడు. మంజులత తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. సినిమా నడిచింది. వాన సీను వచ్చింది. కాశీవిశ్వనాథం మెడ వెనక్కి తిరిగింది.

ఏడుపు రాలేదు.

త్రినాథరావు చచ్చిపోయిన తల్లిని తలుచుకున్నాడు. రాలేదు. మద్రాసులో పడిన కష్టాలు తలుచుకున్నాడు. అబ్బే. తెర మీద అన్న పొర్లి పొర్లి ఏడుస్తున్నాడు, ఈయన కళ్ళు ఎండిపోయి కూర్చున్నాయి. కాశీవిశ్వనాథం ఇంకా చూస్తున్నాడు. పక్కన ఆదినారాయణ గారు కదిలారు. ఇక లాభం లేదని త్రినాథరావు గబుక్కున కండువా లాగి మొహానికి అద్దుకున్నాడు. కండువా వెళ్ళి కళ్ళజోడు అద్దాలకి తగిలింది. కంగారులో కళ్ళజోడు తీయడం మర్చిపోయాడు. చీకట్లో ఎవరు చూడొచ్చారులే అనుకుని ముక్కు కూడా ఒకసారి ఎగబీల్చాడు.

మెట్ల మీద అందరూ "అదిరిందండీ" అన్నారు. అన్ని ఏరియాలూ అమ్ముడుపోయాయి.

శుక్రవారం సినిమా విడుదలైంది. వాన సీనులో అన్న కాళ్ళ మీద పడగానే నేల క్లాసులోంచి ఎవడో, "ఇప్పుడెందుకు మారావురా?" అని అరిచాడట. హాలంతా గొల్లుమందట. మ్యాట్నీకి ఆ సీను రాకముందే నవ్వులు మొదలయ్యాయి. ఆదివారానికల్లా సినిమా పోయింది.

జూబ్లీ హిల్స్ ఇంటికి రమ్మని కబురొచ్చినప్పుడు త్రినాథరావు తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్ళాడు. సీటు పోయినట్టే, ముప్పయ్యేళ్ళ పేరు పోయినట్టే. హాల్లో ఆదినారాయణ గారు, కాశీవిశ్వనాథం, ఓ మూల కిటికీ దగ్గర మంజులత. ఈయన గుమ్మంలో అడుగుపెట్టగానే ఆదినారాయణ గారు లేచి వచ్చి రెండు భుజాలూ పట్టుకున్నారు.

"నువ్వు చెప్పావయ్యా త్రినాథం. ఆ రోజే కారులో చెప్పావు. అన్న ఎందుకు మారాడో లేదు, జనం నమ్మరు అన్నావు. నేనే విన్నాను కాదు!"

త్రినాథరావు నోరు తెరిచాడు.

"ఆయన అసలు ఏడిస్తేగా!" అన్నాడు కాశీవిశ్వనాథం. "నేను వెనక్కి తిరిగి ఈ కళ్ళతో చూశానండీ. రాయిలా కూర్చున్నాడు మహానుభావుడు. మన కర్మ, చూసి కూడా కొన్నాను."

అబద్ధం ఆడుతున్నాడా అంటే లేదు, ఒట్టేసి చెబుతున్నాడు. వాడి మొహంలో అంత నమ్మకం త్రినాథరావు ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా, కారులో ఆ మాట అన్నది నేను" అంది మంజులత.

"నువ్వేదో సర్వే అన్నావు, బాగుందని తేలిందన్నావు."

"అనలేదు నాన్నా. గదిలో అందరూ చెప్పింది రాసిపెట్టాను, తెచ్చి చూపిస్తాను."

"కాగితం మీద ఏదైనా రాసుకోవచ్చమ్మా" అన్నారాయన విసుగ్గా. "ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది. త్రినాథం గొంతుతో ఉంది. ఇక ఆ గది వద్దు, ఆ పరీక్షలూ వద్దు. నీ చదువు నువ్వు యూనివర్సిటీలో చదువుకో."

మంజులత త్రినాథరావు వంక చూసింది. ఆయన పైకి, ఫ్యాన్ వంక చూశాడు. అది తిరుగుతోంది. అలాగే చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే పేము కుర్చీ పాతచోటికి వచ్చేసింది. వెనక గదికి తాళం పడింది. ఫిల్మ్ నగర్ కొండ మీద త్రినాథరావు పేరు ఇదివరకటికంటే పెరిగింది. ఏడవకపోతే ఫ్లాపని కూడా ముందే తెలుస్తుందట! ఆయన ఆ పొగడ్తలు ముందు సిగ్గుపడుతూ విన్నాడు. తర్వాత సిగ్గుపడకుండా విన్నాడు. కొన్నాళ్ళకి ఎవరో అడిగితే, "అవును మరి, కారులో ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చెప్పాను" అనేశాడు. చెబుతుంటే వెనక్కి తిరిగినప్పుడు మెడ పట్టేసిన సంగతి కూడా గుర్తొచ్చింది.

ఇంట్లో కూడా ఓ రోజు అదే అన్నాడు. "ఆ పిల్లకేం తెలుసు, నేను ఆ రోజే చెప్పాను కదా..."

సీతామహాలక్ష్మి ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవరికి చెప్పారండీ? నాకు చెప్పారు, చెప్పను గాక చెప్పను అని. బెండకాయలు తరుగుతుంటే అక్కడే, ఆ పీట దగ్గర నిలబడి చెప్పారు. మర్చిపోయారా, లేక మర్చిపోయినట్టు..."

త్రినాథరావు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నిజంగానే ఆ క్షణం దాకా ఆయన మర్చిపోయాడు. నాటకం ఆడలేదు. కారు తిరిగిన మలుపు, వెనక్కి తిరిగిన తన మెడ, తన గొంతులో ఆ మాటలు, అన్నీ కళ్ళకి కట్టినట్టు ఉన్నాయి. అవేవీ జరగలేదు. ఆయన ఆ పీట మీదే కూలబడ్డాడు.

"వెళ్ళి చెప్పండి" అంది ఆవిడ. "ఆడపిల్ల చదువు మీద తాళం వేయించి మీరు కుర్చీలో ఏం కూర్చుంటారు, నాకు మొహం చెల్లడం లేదు."

మర్నాడు కొత్త కథ వినడానికి వెళ్ళాలి. ఆదినారాయణ గారు పోర్టికోలో కారెక్కబోతుంటే త్రినాథరావు ఎదురెళ్ళి నిలబడ్డాడు. గుమ్మంలో మంజులత పుస్తకాలు పట్టుకుని యూనివర్సిటీకి బయల్దేరుతోంది.

"ఆదినారాయణ గారూ, కారులో ఆ మాట అన్నది నేను కాదు. అమ్మాయే. నాకూ అలాగే అనిపించింది, కానీ కుళ్ళుతో చెప్పలేదు. నా సీట్లో కూర్చుందని కుళ్ళు. ప్రివ్యూలో ఏడుపు రాకపోతే ఏడ్చినట్టు నటించాను. సినిమాని ముంచింది నేను."

చెప్పేశాడు. ఇక తిట్టినా, తన్ని తగిలేసినా సరేననుకున్నాడు.

ఆదినారాయణ గారు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశారు. తర్వాత కళ్ళు చెమర్చగా గట్టిగా కావలించుకున్నారు.

"చూశావే అమ్మాయ్! నువ్వు మాట పడకూడదని నింద తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇలాంటి మనిషిని చూశావా ఎక్కడైనా? ఒరే త్రినాథం, నీకు నటన రాదురా. నీకు కుళ్ళేమిటి, పిచ్చివాడా!"

"నిజమండీ..."

"చాల్లే, ఎక్కు. కథకి ఆలస్యమవుతోంది" అంటూ ఆయన కారెక్కి కూర్చున్నారు.

త్రినాథరావు అక్కడే నిలబడిపోయాడు. ముప్పయ్యేళ్ళలో ఆయన ఏ మాట అన్నా నమ్మారు, ముక్కు ఎగబీల్చినా నమ్మారు. జీవితంలో ఈ ఒక్క నిజాన్ని నమ్మేవాళ్ళు లేకపోయారు. మంజులత మెట్లు దిగి పక్కకి వచ్చింది.

"నేను నమ్ముతున్నాను బాబాయ్" అంది.

"నీకెలా తెలుసమ్మా?"

"మీకు నిజంగా ఏడుపొస్తే ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటారు. ఆ రోజు కళ్ళజోడు మీదే తుడుచుకున్నారు. అదేం రుజువు కాదులెండి, నాకు అనిపించింది, అంతే. అందుకే ఎవరితోనూ అనలేదు. మీరే ఎప్పుడైనా చెబుతారని చూశాను."

"అంత చీకట్లో... తెర చూడకుండా నన్ను చూస్తూ నిలబడ్డావా?"

"తెర చూడకు, జనాన్ని చూడు అన్నది మీరే కదా" అంది మంజులత.

ఆమె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది త్రినాథరావుకి. ఇన్నాళ్ళూ ఈ పిల్ల మీద అసూయపడ్డాడు. తన చోటు లాక్కుంటోందని కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. తనని ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూసిన మనిషి మొత్తం కొండ మీద ఇదొక్కతే. అలా చూడగలిగిందని ఇప్పుడు మళ్ళీ అసూయ. సిగ్గు కూడా లేని అసూయ.

గుండెల్లోంచి ఏదో పైకి ఎగదన్నింది. త్రినాథరావు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కండువా అందుకుని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు. ఎంత అద్దుకున్నా ఆగలేదు.

కారు తలుపు పట్టుకుని నిలబడ్డ జంగయ్య అది చూశాడు.

"సార్! త్రినాథరావు సార్ ఏడుస్తుండు సార్!" అని లోపలికి వంగి కేక పెట్టాడు. "కథ ఇనకముందే ఏడుస్తుండు. ఇగ ఫికర్ లేదు!"

ఆదినారాయణ గారు కారు కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, రెండు చేతులూ జోడించి, ఆ కథ కొనేద్దామన్నారు.